పద్నాలుగో నంబరు బిళ్ళ

మా నాన్న కాలు నలిగిన రోజు నుంచి మొదలుపెట్టకపోతే ఈ లెక్క కుదరదు.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. గోదావరిఖనిలో ఉంటున్నాం. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళను ల్యాంపు రూములో ఇచ్చి దీపం తీసుకుంటాడు. బిళ్ళ అక్కడ కొక్కేనికి వేలాడుతుంది. షిఫ్టు అయ్యాక దీపం తిరిగిస్తే బిళ్ళ చేతికొస్తుంది. కొక్కేనికి బిళ్ళ ఉందంటే మనిషి కింద ఉన్నాడని అర్థం.

ఆ రోజు పొద్దున పదకొండింటికి కప్పు కూలింది. మేం పరుగెత్తి వెళ్ళేసరికి పైకి వచ్చినవాళ్ళు దుమ్ము కక్కుతున్నారు. ఒకతనికి చెవి సగం తెగి చర్మం మీద వేలాడుతోంది. ఆ సంగతి అతనికి తెలియదు, బీడీ అడుగుతున్నాడు. అందరూ వచ్చేశారు, ఇక ఇళ్ళకు పొమ్మన్నాడు ఆఫీసరు. ల్యాంపు రూము కిటికీ వెనక కూర్చునే ముసలాయన ఒక్కడే ఒప్పుకోలేదు.

“బిళ్ళ ఉన్నది సారూ. మనిషున్నడు.”

“నేను దిగి చూసొచ్చిన. ఎవ్వడు లేడు.”

“మీ కండ్లకు కనబడలేదేమో. బిళ్ళ ఉన్నది, మనిషున్నడు.”

తొమ్మిది గంటలు తవ్వితే మా నాన్న దొరికాడు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి చితికిపోయి ఉంది. ఎముక ముక్కల మధ్య బొగ్గు పెళ్ళలు ఇరుక్కున్నాయి. దవాఖానలో వాటిని చిమటాతో తీస్తుంటే నేనే ట్రే పట్టుకున్నాను. ముప్పై ఒకటి. కాలు తీసేశారు కానీ నాన్న ఇంకా పందొమ్మిదేళ్ళు బతికాడు. ఆ పందొమ్మిదేళ్ళూ ఆ బిళ్ళ పెట్టిన భిక్షే అని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం.

పదో తరగతి లెక్కల్లోనే తప్పినవాణ్ణి నేను. అయినా ఆ రోజు నుంచి మనిషి మాట కంటే నంబరు గట్టిదని నమ్మాను. ఒక ఏడాది అదే ల్యాంపు రూములో కాంట్రాక్టు మీద పనిచేశాను. అక్కడ ఒక తమాషా చూశాను. కొందరు పాతవాళ్ళు షిఫ్టు అవకముందే ఏదో దారిన పైకి వచ్చేసి, దీపం తోటివాని చేతిలో పెట్టి చెట్టు కింద నడుం వాల్చేవాళ్ళు. బిళ్ళను మాత్రం షిఫ్టు అయ్యేదాకా కదపనిచ్చేవాళ్ళు కాదు. బిళ్ళ ముందే కదిలితే మస్టర్ పోతుంది, అంటే ఆ పూట హాజరు పడదు. ఇట్లాంటివి వారానికి రెండు మూడు చూసి నవ్వుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత బొగ్గు టబ్బులు బాగుచేసే వర్క్‌షాపులో చేరాను. దారం, సుద్దముక్క, అట్టలు ఊడిన లాగరిథం పట్టికల పుస్తకం నా గురువులు. వంపు తిరిగిన రేకును బల్లపరుపుగా విప్పితే ఎంత పొడుగొస్తుందో, ఎక్కడ కోయాలో నాకు నేనే నేర్చుకున్నాను. నలభై దాటాక ఆ చదువే నన్ను గల్ఫ్‌లో ఓడలు కట్టే యార్డుకు తీసుకెళ్ళింది. మా అక్క మొగుడు, అంటే మా బావ, అప్పటికే అక్కడ వెల్డరు. నేను ఉక్కు ప్లేట్ల మీద గీతలు గీయాలి. నా గీత మీద ఒకరు కోస్తారు, బావ లాంటివాళ్ళు అతుకుతారు.

“ఏంది లెక్కల సారూ, మూడోసారి కొలుస్తున్నవ్? మీ అక్కను నాకిచ్చేటప్పుడు గూడ ఇట్లనే టేపు పెట్టినవా?” అనేవాడు బావ, ముఖం మీది అద్దం పైకెత్తి.

“పెట్టిన. నువ్వు రెండించులు తక్కువొచ్చినవ్. సరే తియ్యి అని సర్దుకున్నం.”

“తక్కువున్నోనికే ట్యాంకుల దూరుడు అల్కగైతది బామ్మర్ది.”

మేం కడుతున్నవి సముద్రం అవతల ఒక దేశపు నౌకాదళానికి మూడు యుద్ధపడవలు. ఆ దేశంలో మూడేళ్ళుగా అంతర్యుద్ధం. ఒక్కో పడవ నలభై ఆరు మీటర్ల పొడవు, ముందు భాగంలో ఒక పెద్ద తుపాకీ. తుపాకీ కూర్చునే పీటకు ఇరవై నాలుగు బోల్టు రంధ్రాలు గుర్తు పెట్టింది నేనే. పేలినప్పుడు అది వెనక్కి ఎంత బలంతో తన్నుతుందో డ్రాయింగులో రాసి ఉంటుంది. దాన్నిబట్టి ప్లేటు మందం సరిచూసుకున్నాను. గుండు వెళ్ళి పడే వైపు గురించి డ్రాయింగులో ఏమీ లేదు. నేనూ అడగలేదు.

పడవ అడుగున రెండు పొరల ఉక్కు ఉంటుంది. ఆ పొరల మధ్య ఖాళీని ట్యాంకు అంటారు. మనిషి నిలబడలేడు, బోర్లా పాకాలి. పనివాళ్ళు దిగడానికి మనిషి పట్టేంత రంధ్రం ఉంటుంది. మొదటి పడవ కట్టేటప్పుడు ఒకతను లోపల ఉండగానే పైన మూత పెట్టి బోల్టులు బిగించేశారు. లోపలికి ఎవరు దిగారో కాగితం మీద రాయాలి. కానీ మా పేర్లు రాయడం అక్కడ ఎవరికీ చేతకాదు. ఒక గంటా ఇరవై నిమిషాలు అతను లోపలి నుంచి ప్లేటును పిడికిళ్ళతో గుద్దాడు. యంత్రాల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. తీసేసరికి రెండు చేతులకూ వేలి ముడుసుల మీద తోలు లేదు, తెల్లటి ఎముక కనబడుతోంది. తీసినవాణ్ణే ముఖం మీద గుద్దాడు.

ఆ మర్నాడు నేను ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి మా బాయి పద్ధతి చెప్పాను. ఆయన మలయాళీ, తొందరగానే అర్థం చేసుకున్నాడు. రేకు కోసి నలభై మిల్లీమీటర్ల బిళ్ళలు ఇరవై నాలుగు చేసి, నంబర్లు నేనే పంచ్‌తో కొట్టాను. దిగే రంధ్రం పక్కన కొక్కేల పలక పెట్టాం. లోపలికి పోయేవాడు తన బిళ్ళ తగిలించాలి, బయటికొస్తే తీసుకోవాలి. అంతే. యార్డులో దానికి నా పేరే పెట్టారు. బావకు ఎక్కడలేని గర్వం.

“మా బామ్మర్ది లెక్క తప్పితే సూర్యుడు గూడ డ్యూటీ మానేస్తడు,” అని క్యాంపులో అందరికీ చెప్పేవాడు.

మొదటి పడవ వెళ్ళిపోయింది. రెండోది నీళ్ళలోకి దించి జెట్టీ పక్కన కట్టేశాక, దాన్ని తీసుకెళ్ళడానికి ఆ దేశం నుంచి నలభై మంది నావికులు వచ్చారు. మా క్యాంపు పక్క బ్లాకులోనే ఉండేవాళ్ళు. ఒకే యూనిఫారం, కానీ అన్నానికి రెండు వరసలు కట్టేవాళ్ళు. కొందరు కొండ ప్రాంతం వాళ్ళు, కొందరు రేవు పట్టణాల వాళ్ళు. ఇరవై ఆరు, పద్నాలుగు. వాళ్ళ భాష మాకు రాదు. కానీ తిట్టు ఏ భాషలోనైనా తెలుస్తుంది. రెండో వారంలో టీ క్యాన్ దగ్గర ఒక కొండ మనిషి ఒక రేవు మనిషిని పైపు పానాతో దవడ మీద కొట్టాడు. పన్ను ఒకటి ఎగిరి, మాతో పనిచేసే కాసిపేట అన్నదమ్ముల్లో తమ్ముని గ్లాసులో పడింది. అతను గ్లాసును, కింద పడినవాణ్ణి మార్చి మార్చి చూసి, “ఇప్పుడు నేనిది పారబొయ్యాల్నా, ఆయనకియ్యాల్నా?” అన్నాడు. మేం నవ్వాం. నవ్వినందుకు ఆ రోజే సిగ్గుపడ్డాను, కానీ నవ్వాం.

ఒకరోజు పొద్దున్నే నావికుల బ్లాకులో ఏడుపులు. మేం పంపిన మొదటి పడవ వాళ్ళ దేశంలోనే ఒక రేవు పట్టణం మీద గుండ్లు కురిపించింది. తిరగబడ్డవాళ్ళు అక్కడ దాక్కున్నారట. ఇక్కడున్న పద్నాలుగు మందిలో ఎక్కువమందిది ఆ పట్టణమే. ఒకతను ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. చేపల మార్కెట్టు. సిమెంటు అరుగు మీద చేపలూ మనుషుల చేతులూ కలిసిపోయి ఉన్నాయి. ఒక ముసలామె ఒక కాలు పట్టుకుని, అది ఎవరిదో చెప్పమని చుట్టూ ఉన్నవాళ్ళను అడుగుతోంది. అతను నన్ను ఎందుకు ఎంచుకున్నాడో తెలియదు. నా చేతిలో టేపు ఉంది, అందుకేమో.

అదే రోజు పది గంటలకు మావాళ్ళు ఆరుగురు ఆ రెండో పడవ ట్యాంకులో చివరి వెల్డింగు పనికి దిగారు. బావ, కాసిపేట అన్నదమ్ములు ఇద్దరు, బీహారీలు ఇద్దరు, శ్రీరాంపూర్ కాక. కాకకు యాభై ఎనిమిదేళ్ళు. బాయిలో ఇరవై ఏడేళ్ళు చేసి, ముందుగానే రిటైరై ఇక్కడికి వచ్చాడు. ఆయన బిళ్ళ పద్నాలుగో నంబరు. అది కొట్టేటప్పుడు పంచ్ జారి నాలుగుకు తోక వంకర వచ్చింది. మార్చమంటే కాక, “ఉండనియ్యి, నా లెక్కనే ఉన్నది,” అన్నాడు.

ఆ ట్యాంకు ఇంజన్ గది కింద ఉంది. పొడవు పదకొండు మీటర్లు. దానికి రెండు రంధ్రాలు. ముందు వైపుది ఒక చిన్న స్టోరు గదిలో. మావాళ్ళు దిగింది దాంట్లోంచే, నా పలక ఉన్నదీ అక్కడే. వెనక వైపుది ఇంజన్ గది నేల మీద. దాన్ని తెరిచి, లోపలికి గాలి పంపడానికి ఒక బ్లోయరు పెట్టారు. ఇంజన్ గదికీ స్టోరు గదికీ మధ్య ఉక్కు గోడ.

పదిన్నరకు ఒక ప్లేటు కొలవడానికి నేను షెడ్డుకు వెళ్ళాను. పదకొండుకు పది నిమిషాలుండగా తిరిగొచ్చాను. అప్పటికే డెక్కు మీద మొదలైంది.

నేను చూసింది చూసినట్టు రాస్తాను. నిప్పు గొడ్డలితో ఒకతను ఇంకొకని భుజం మీద వేశాడు. గొడ్డలి ఎముకలో ఇరుక్కుంది. లాగడానికి కాలు వాని ఛాతీ మీద పెట్టి తన్నాడు. ఒకణ్ణి లంగరు గొలుసు మీద పడేసి తలను రెండు చేతులతో పట్టి కొడుతున్నారు, కొబ్బరికాయ కొట్టినట్టు. నాలుగుసార్లు లెక్కపెట్టి చూపు తిప్పుకున్నాను. ఆపడానికి వెళ్ళిన మా ఫోర్‌మన్‌కు గొడ్డలి కర్రతో ముక్కు పగిలింది. రేవు వాళ్ళు తక్కువ. వాళ్ళను తరిమి తరిమి ఇంజన్ గదిలోకి తోశారు. నాకు కనబడింది ఎనిమిది మంది, తొమ్మిదని తర్వాత తెలిసింది. ఉక్కు తలుపు మూసి పిడులు బిగించారు. ఒక కొండ నావికుడు గోడ మీది ఎర్ర పెట్టె అద్దం మోచేత్తో పగలగొట్టి, లోపలి పిడి లాగాడు.

అది మంటలు ఆర్పే గ్యాసు. ఇంజన్ గదిలో నిప్పంటుకుంటే మనుషులందరూ బయటికొచ్చాక తలుపులు మూసి వదలాలి. అది మంటకు గాలి లేకుండా చేస్తుంది. మనిషికీ అంతే. ఒక పెద్ద హోరు వినబడింది, కాళ్ళ కింద ఉక్కు వణికింది. తలుపు వెనక నుంచి గుద్దుళ్ళు. మొదట చాలా, తర్వాత కొన్ని. నా చేతి గడియారంలో నలభై సెకండ్లకు ఏ చప్పుడూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది బ్లోయరు. అది ఇంజన్ గదిలో గాలి పీల్చి మావాళ్ళున్న ట్యాంకులోకి తోస్తుంది. అది ఇంకా తిరుగుతోంది.

ముందు నిచ్చెన దిగి స్టోరు గదిలోకి దూకాను. రంధ్రంలో తల పెట్టి అరిచాను. పలక మీద ఆరు బిళ్ళలు. కాసిపేట తమ్ముడు ముందు వచ్చాడు, తర్వాత వాళ్ళన్న, కళ్ళ నుంచి ముక్కు నుంచి నీళ్ళు. బీహారీలు ఇద్దరూ ఒకరి కాలు ఒకరు పట్టుకుని వచ్చారు. చివరికి బావ. ఒక్కొక్కరూ బిళ్ళ తీసుకున్నారు, అంత దగ్గులోనూ తీసుకున్నారు. ఒకటి మిగిలింది.

“ఇగ ఎవలున్నరు?” అన్నాడు బావ, మోకాళ్ళ మీద వంగి.

“పద్నాలుగు. కాక.”

“కాకనా? మస్తు సేపాయె, ఆయన చప్పుడు నాకినబడక.”

“బిళ్ళ ఉన్నది బావ.”

బావ పలక వైపు చూశాడు, నా వైపు చూశాడు. “నీ లెక్క ఖాయమేనా బామ్మర్ది?”

“ఖాయం,” అన్నాను.

ఈ ఒక్క మాటే నేను రాయడానికి కూర్చున్నది.

బావ మెడలో తువ్వాల నీళ్ళ సీసాలో ముంచి ముక్కుకు కట్టుకున్నాడు. నేను ఆలస్యం చేయకుండా లెక్క చెప్పాను: పదకొండు మీటర్లు, అడ్డంగా ఎనిమిది ఉక్కు పలకలు, ఒక్కో పలకలో ఒక రంధ్రం, ఊపిరి బిగబడితే పోను ఇరవై సెకండ్లు, రాను ఇరవై. నేను సుత్తితో ప్లేటు మీద సెకండుకు ఒక దెబ్బ కొడుతుంటాను, ఇరవై వినబడగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. బావ తల ఊపి దూరాడు. నేను కొట్టడం మొదలుపెట్టాను. ఇరవై. నలభై. యాభై అయిదో దెబ్బకు లోపలి నుంచి బదులుగా ఒక దెబ్బ వినబడింది, చాలా వెనక నుంచి. అంటే ఆయన తిరగలేదు. కాక దొరకలేదు కాబట్టి ఇంకా లోపలికి పోయాడు. డెబ్బైకి ఆ చప్పుడూ ఆగింది.

గాలి గొట్టం ఒకటి కనబడితే రంధ్రంలోకి తోసి దాని కుళాయి పూర్తిగా తిప్పాను. కాసిపేట తమ్ముడు నా నడుం పట్టుకోకపోతే నేనూ దూరేవాణ్ణే. ముఖానికి మాస్కులున్న యార్డు మనుషులను డెక్కు మీద గొడ్డళ్ళు పట్టుకున్నవాళ్ళు ఆపేశారు. వాళ్ళు తోసుకుని మా దగ్గరికి వచ్చేసరికి ఆరు నిమిషాలు దాటింది. బావను కాళ్ళు పట్టి లాగుతుంటే తల ఒక్కో అడ్డపలక అంచుకూ తగిలింది. పెదవులు సీసం రంగులో ఉన్నాయి. రెండు చేతుల గోళ్ళూ విరిగి ఉన్నాయి. మాస్కులవాళ్ళు లోపల ఇంకెవరూ లేరని చెయ్యి ఊపారు. నేను పలక మీది పద్నాలుగును చూపించి మళ్ళీ పొమ్మని అరిచాను. ఒకతను మళ్ళీ పోయి వచ్చాడు. ఎవరూ లేరు.

డెక్కు మీదికి మోసుకొచ్చి బావ ఛాతీ నొక్కుతుండగా జెట్టీ మీద నుంచి కాక నడుచుకుంటూ వచ్చాడు. చెవి మీద సగం కాలిన సిగరెట్టు.

“ఏమైంది కొడుకా? ఎవల కోసం గీ లొల్లి?”

“నువ్వు ఎప్పుడొచ్చినవ్ బయటికి?”

“పదిన్నరకే. నువ్వు అట్ల పోంగనే. నడుం పట్టేసింది, ప్లేట్ల ఎనుక గింత ఒరిగిన.”

“బిళ్ళ?”

కాక నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. “షిఫ్టు గాకముందు బిళ్ళెట్ల తీస్తం? మస్టర్ పోదా?”

నా చేతిలో సుత్తి అలాగే ఉంది. మొదటి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య పడింది, ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండోది మోచేతి మీద. మూడోది తల మీదికే వేశాను, ఆయన జరగడం వల్ల చెవి చీలింది. నాలుగోదానికి చెయ్యి ఎత్తినప్పుడు ముగ్గురు పట్టుకున్నారు. అంతకుముందు నేను ఎవరినీ చెయ్యి ఎత్తి కొట్టినవాణ్ణి కాదు. కాక నా వైపు చూడనేలేదు. డెక్కు మీద పడి ఉన్న బావను చూసి, రక్తం కారుతున్న తలను ఉక్కుకేసి కొట్టుకున్నాడు. పోలీసులడిగితే నిచ్చెన మీద నుంచి పడ్డానని చెప్పాడు.

ఇంజన్ గదిలో తొమ్మిది మందిలో ఏడుగురు పోయారు. బావ బతికాడు. యాభై మూడు రోజుల తర్వాత ఇద్దరం ఒకే విమానంలో ఇంటికి వచ్చాం.

బావకు అక్క తెలుసు, నేను తెలుసు, పాత జోకులన్నీ తెలుసు. ఆ పొద్దు తర్వాత జరిగింది మాత్రం ఆయన తలలో నిలవదు. అన్నం తిన్న అరగంటకు తిన్నది మరిచిపోతాడు. మామూలుగా శాంతంగానే ఉంటాడు. మధ్యాహ్నం మూడింటికి మొదటి షిఫ్టు అయిపోయినట్టు బాయి సైరన్ మోగుతుంది. అప్పుడు లేస్తాడు. “కాక రాలె. లోపల్నే ఉన్నడు,” అంటాడు. ఆపితే కొడతాడు. మొదటి నెలలో అక్కకు ముందరి పళ్ళు రెండు పోయాయి. ఒకసారి తలుపును తలతో గుద్ది నుదురు ఎముక దాకా చీల్చుకున్నాడు.

ఆ నెల చివర కాక శ్రీరాంపూర్ నుంచి వచ్చాడు. వంకరగా అతుక్కున్న భుజంతో వాకిట్లో నిలబడి, “పైకొచ్చిన కొడుకా,” అన్నాడు. బావ ఆయన్ని తేరిపార చూసి, “ఇంత సేపా కాకా? ఆగం జేసినవ్ గద,” అని కూర్చుని చాయ అడిగాడు. మరునాడు మూడింటికి మళ్ళీ అదే. కాక ఇక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఏడేళ్ళుగా రోజూ మూడింటికి వచ్చి పైకొచ్చినట్టు చెప్పి పోతున్నాడు. నాతో ఒక్క మాటా మాట్లాడడు, నేనూ మాట్లాడను.

అక్కకు నేను చెప్పింది ఇది: నావికులు కొట్టుకున్నారు, గ్యాసు వదిలారు, కాక కోసం బావ దిగాడు. అన్నీ నిజాలే. ఖాయమన్న మాట చెప్పలేదు. ల్యాంపు రూములో ఏడాదిపాటు అట్లాంటి బిళ్ళలు చూసి నవ్వుకున్న సంగతీ చెప్పలేదు. కాక చేసిన మాయ ఆయన ఒక్కడికే తెలిసింది కాదు. నాకూ తెలుసు. తెలిసీ లెక్కలో కలపలేదు. ఆ రోజు పలక మీద నుంచి తీసిన పద్నాలుగో బిళ్ళ ఏడేళ్ళుగా నా చొక్కా జేబులోనే ఉంది.

పోయిన నెల కాక కంటి ఆపరేషన్ కోసం మంచిర్యాల వెళ్ళాడు. మూడింటిలోపు వస్తానని కబురు చేశాడు. బస్సు దొరకలేదు. సైరన్ మోగింది. నేను అక్క క్వార్టర్‌కు చేరేసరికి బావ వెనక సందులో ఉన్నాడు. గడ్డపారతో మురికి గుంత సిమెంటు మూత లేపేసి, నడుం దాకా దిగాడు. ఆ గుంతలో కూడా చెడుగాలి ఉంటుంది. సందులో జనం పోగయ్యారు.

“ఏంది అక్కా, మీ ఆయన మళ్ళ బాయిల దిగుతుండా? ఈయనకు గూడ మస్టర్ ఏస్తరా?” అని ఒకడు అన్నాడు.

నేను బావ చంకల కింద చేతులు వేసి లాగాను. ఆయన గడ్డపార వెనక్కి తిప్పి కొట్టాడు. నా ఎడమ చెయ్యి గుంత అంచుకూ గడ్డపారకూ మధ్య పడింది. రెండు వేళ్ళు, ఉంగరం వేలూ చిటికెన వేలూ, చెరుకు గడల్లా చిట్లాయి. వదల్లేదు. రెండో దెబ్బ పక్కటెముకల మీద. ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. కళ్ళలో ఆ రోజు స్టోరు గదిలో చూసిన చూపే.

“ఇడువు బామ్మర్ది, కాక లోపలున్నడు!”

“లేడు బావా. నా లెక్క తప్పు. పద్నాలుగు లోపల లేడు. ఆ రోజు గూడ లేడు.”

బావ కొట్టడం ఆపాడు. జాలిగా చూశాడు నన్ను.

“నీ లెక్క తప్పదు బామ్మర్ది. ఖాయమన్నవ్ గద.”

మళ్ళీ గుంతలోకి వంగాడు. నా పట్టు జారిపోతోంది. మనిషిని కళ్ళతో చూడకుండా బిళ్ళ తీయకూడదని ఆ ల్యాంపు రూము ముసలాయన దగ్గర నేర్చుకున్నాను. కాక ఆ సమయానికి ఏ బస్సులో ఉన్నాడో, అసలు బస్సు ఎక్కాడో లేదో నాకు తెలియదు. కుడి చేత్తో జేబులోంచి బిళ్ళ తీసి బావ అరచేతిలో పెట్టాను.

“ఇగో బిళ్ళ. వచ్చిండు. తీసుకున్నడు.”

బావ బొటనవేలితో నంబరు తడిమాడు. నాలుగుకున్న వంకర తోక దగ్గర వేలు ఆగింది. “వచ్చిండా?” అన్నాడు. “వచ్చిండు,” అన్నాను. గడ్డపార వదిలేసి, పైకి లాగమని చెయ్యి చాచాడు.

అక్క నా వెనకే నిలబడి ఉంది. బావ కాళ్ళు కడిగి లోపల కూర్చోబెట్టింది. తర్వాత పాత చీర చింపి నా వేళ్ళకు కట్టు కడుతూ అడిగింది.

“ఖాయమన్నది నువ్వా?”

“నేనే.”

“ఆయన అడిగిండా, నువ్వే చెప్పినవా?”

“అడిగిండు. చెప్పిన.”

ఆమె ముడి బిగించింది. విరిగిన ఎముకలు ఒకదాని మీద ఒకటి జరిగి కళ్ళ ముందు చీకటి కమ్మింది. ఇంకో ముడి వేసి అదీ అంతే బిగించింది. “ఏడేండ్లు ఆ ముసలాయన్ని నా వాకిట్ల నిలబెట్టినవ్,” అంది. అంతకు మించి తిట్టలేదు. బావ చేతిలోంచి బిళ్ళ తీసుకుని కొంగు చివర తాళాలతో కలిపి ముడేసుకుంది.

అయిదింటికి కాక వచ్చాడు, కంటికి ఆకుపచ్చ గుడ్డ, బస్సు దిగి పరుగెత్తిన ఆయాసం. అక్క ఆయనకు నీళ్ళిచ్చింది. “కాకా, రేపటి సంది నువ్వు రావద్దు. మీ ఊరికి పో,” అంది. కాక నమ్మలేదు. ఆమె కొంగు ముడి విప్పి బిళ్ళ చూపించాక చాలాసేపు దాన్ని ఒంటి కంటితో చూసి, గడప మీద కూలబడ్డాడు. ఆయన వెళ్ళాక అక్క నా వైపు తిరిగింది.

“నువ్వు రావాలె. రోజూ మూడింటికి. బిళ్ళ నేనిస్త గని, ముందుగాల నువ్వు చెప్పాలె ఆయనకు, నా లెక్క తప్పని. చెప్పినంకనే ఇస్త.”

“ఆయనకు యాదుండది గద అక్కా.”

“అందుకే రోజూ చెప్పు.”

నిన్నటికి ఇరవై ఆరు రోజులు. సైరన్ మోగుతుంది, బావ లేస్తాడు, నేను అడ్డంగా నిలబడతాను. కొన్ని రోజులు కొడతాడు, కొన్ని రోజులు కొట్టడు. ఇప్పటికి తొమ్మిది, పదిహేడు. నా లెక్క తప్పు బావా అంటాను. అక్క బిళ్ళ పట్టుకుని తలుపు దగ్గర వింటూ ఉంటుంది. బావ నా కట్టు కట్టిన చెయ్యి చూసి, ఏమైందని అడిగి, మంచి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, రోజూ అదే మాట అంటాడు.

“నీ లెక్క తప్పదు బామ్మర్ది.”